ఉద్యోగమంటే ఏది? జైలు, పని, లేసు అల్లే స్త్రీలు

కొన్నేళ్ళ క్రితం నరసాపురం దగ్గరి ఒక వూళ్ళో లేసు అల్లే స్త్రీలతో మాట్లాడుతున్నాను. అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని వున్నారు. వాళ్ళలో ఒకామె చేతిలో సూది ఆపకుండానే తన మనోవర్తి కేసు సంగతి చెప్పింది. కోర్టు నెలకింత ఇమ్మని ఉత్తర్వు ఇచ్చింది. భర్త ఇవ్వలేదు. ఆమె మళ్ళీ కోర్టుకెళ్ళింది. వారెంటు వచ్చింది. అతను జైలుకి వెళ్ళాడు. "నెల్రోజులు కూర్చుని వచ్చేశాడండి. వచ్చి, శిక్ష అనుభవించేశాను, ఇంక నీకూ నాకూ బాకీ లేదు ఫో అన్నాడండి. అతను పనిచేసే మిల్లులో వేరేవాళ్ళని పెట్టేసుకున్నారు. నాకు ఒరిగిందేంటండీ?"

ఆ ప్రశ్నకి నా దగ్గర సగం జవాబే వుంది. చట్టం ప్రకారం ఆ బాకీ తీరలేదు. జైలుకి పంపడం బాకీ వసూలు కోసం చేసే ఒత్తిడి తప్ప బాకీకి చెల్లు కాదని సుప్రీంకోర్టు ఎప్పుడో కుల్దీప్ కౌర్ కేసులో తేల్చి చెప్పింది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125 వ సెక్షనుకయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144 వ సెక్షనుకయినా యిదే వర్తిస్తుంది. ఈ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను చెప్పాను. ఆమె నవ్వింది. "బాకీ వుంటే మటుకు పని పోయినోడు ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడండీ?" అంది.

రెండో సగం జవాబు అక్కడే వుంది. డబ్బు యివ్వమని మనం ఒక మగవాణ్ణి శిక్షిస్తాం. ఆ శిక్ష ముందుగా డబ్బు వచ్చే దారినే మూసేస్తుంది. అతను మంచివాడా చెడ్డవాడా అన్నది వేరే సంగతి. ఆ నెల రోజులూ అతనికి తిండి ప్రభుత్వం పెట్టింది. పిల్లలకి తిండి ఆమె లేసు అల్లి పెట్టింది. శిక్ష ఎవరికి పడినట్టు?

ఈ చిక్కుముడికి ప్రపంచంలో కొన్నిచోట్ల ఒక పరిష్కారం వెతికారు. దాని గురించి మన స్త్రీల సంఘాల్లో చర్చ జరగాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. అయితే ఆ పరిష్కారాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి యిక్కడ పెడితే అది మళ్ళీ మగవాళ్ళ ఏర్పాటుగానే మిగులుతుందన్నది నా వాదన.

పగలు పనికి, రాత్రి జైలుకి

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1913 లో ఒక చట్టం చేసింది. దాన్ని తెచ్చిన సెనేటరు పేరు మీద హ్యూబర్ చట్టం అంటారు. చిన్న నేరాలకి స్థానిక జైల్లో శిక్ష అనుభవించే మనిషి పొద్దున తన పనికి వెళ్ళి సాయంత్రం జైలుకి తిరిగి రావచ్చు. ఉద్యోగం పోదు. జీతం వస్తుంది. ఆ జీతంలోంచి జైల్లో తన తిండి ఖర్చు, పనికి రానూపోనూ ఖర్చు పోను, తన మీద ఆధారపడ్డవాళ్ళ పోషణకి కొంత వెళుతుంది. వేళకి తిరిగి రాకపోయినా, తాగి వచ్చినా ఆ వెసులుబాటు పోతుంది. 1957 లో నార్త్ కరోలినా యిలాంటి ఏర్పాటునే స్థానిక జైళ్ళు దాటి రాష్ట్ర జైళ్ళకీ తెచ్చింది. తరవాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. దీన్ని మనం 'పనికి విడుదల' అందాం.

మన దేశంలో శిక్షతోపాటే కోర్టు యిలాంటి ఉత్తర్వు యిచ్చే పద్ధతి లేదు. దీనికి దగ్గరగా వున్నది ఓపెన్ ఎయిర్ జైలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఉత్తరప్రదేశ్‌లో సంపూర్ణానంద్ పేరుతో ఆనకట్టల పనుల దగ్గర ఖైదీల శిబిరాలు పెట్టారు. మన దగ్గర హైదరాబాదు పక్కన మౌలాలీలో 1954 లో ఖైదీల వ్యవసాయ క్షేత్రం మొదలైంది. తరవాత చర్లపల్లి, అనంతపురం వచ్చాయి. వీటిలో గోడలు లేవు, కాపలా తక్కువ. కానీ పని మాత్రం జైలు వాళ్ళు పెట్టిందే: పొలం, పశువులు, తోట. ఖైదీ తన పాత పని నిలుపుకునే ప్రసక్తి లేదు. ఏళ్ళ తరబడి జైల్లో వుండి, నడవడిక బాగుందనిపించుకున్నాకే అక్కడికి పంపుతారు. ఆ క్షేత్రాలు పెట్టింది మగ ఖైదీల కోసం.

అసలైన పనికి విడుదలకి దగ్గరగా వున్నది రాజస్థాన్‌లోని సాంగానేర్. జైపూర్ పక్కన 1963 నుంచీ నడుస్తోంది. అక్కడ ఖైదీ కుటుంబంతో కలిసి వుంటాడు. పొద్దున హాజరు పలికి వూళ్ళోకి పోయి తన పని తాను వెతుక్కుంటాడు. సాయంత్రం మళ్ళీ హాజరు. ప్రభుత్వం తిండి పెట్టదు, సంపాదించుకుని తినాలి. ఆడ ఖైదీలూ వున్నారు. 2024 మే లో సుప్రీంకోర్టు సుహాస్ చక్మా కేసులో ఓపెన్ జైళ్ళను పెంచే విషయం చేపట్టినప్పుడు సాంగానేర్ స్థలాన్ని తగ్గించకూడదని కూడా చెప్పింది. అరవై ఏళ్ళుగా హత్యానేరాల మీద శిక్ష పడ్డ మనుషులు సైతం రోజూ బయటికి పోయి తిరిగొస్తున్నారు. నెల రోజుల మనోవర్తి ఖైదీ రాడని భయపడాల్సిన పనేముంది?

మగవాడికి వూళ్ళోనే జైలు, ఆడదానికి రాజమండ్రి

రేపు మన రాష్ట్రంలో పనికి విడుదల వచ్చిందనుకుందాం. నరసాపురంలో ఏం జరుగుతుంది?

ఇక్కడ సబ్ జైలు వుంది. మగవాడు అందులో వుంటే పొద్దున మిల్లుకో, షాపుకో, పడవల దగ్గరికో వెళ్ళి సాయంత్రం రావచ్చు. మన వైపు నుంచి జైలుకి పంపిన ఆడవాళ్ళు ఎక్కువగా చేరేది రాజమండ్రి మహిళా జైలు. అక్కడినుంచి రోజూ నరసాపురం వచ్చి పనిచేసి పోవడం అయ్యే పని కాదు. అంటే రూలులో ఎక్కడా 'పురుషులకి మాత్రమే' అని రాయక్కర్లేదు. జైలు ఎక్కడ కట్టారన్నదే ఆ పని చేసిపెడుతుంది.

ఆడ ఖైదీలు తక్కువ కాబట్టి వాళ్ళకి జైళ్ళూ తక్కువ అంటారు. నిజమే. 2022 చివరినాటికి దేశం మొత్తం మీద 5,73,220 మంది ఖైదీలుంటే అందులో స్త్రీలు 23,772 మంది. నూటికి నలుగురు. తక్కువమంది కాబట్టి దూరంగా పెట్టారు. దూరంగా పెట్టారు కాబట్టి ములాఖత్‌కి వచ్చేవాళ్ళు లేరు. పిల్లలకి తల్లి కనబడదు. పని అంతకన్నా ముందే పోతుంది. అదే లెక్కల్లో 1,537 మంది తల్లులు 1,764 మంది పిల్లల్ని వెంటబెట్టుకుని జైళ్ళలో వున్నారు. తల్లితో ఆరేళ్ళ వరకే పిల్లలుండవచ్చని, వాళ్ళకి శిశుసంరక్షణ కేంద్రం, చదువు, తిండి ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2006 లో చెప్పింది. ఆ కేసు పేరు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్. మన రాష్ట్రం పేరు మీద వున్న తీర్పు అది. ఆరేళ్ళు దాటిన పిల్లలు, బయట వుండిపోయిన పిల్లలు, ఎవరి లెక్కల్లోనూ లేరు.

ఉద్యోగం వున్నట్టు రుజువేమిటి?

దూరం కన్నా పెద్ద సమస్య యింకొకటి వుంది. పనికి విడుదల అడగాలంటే పని వుండాలి. పని వుందని చెప్పాలంటే యజమాని కాగితం యివ్వాలి. మన నరసాపురం, మొగల్తూరు, పాలకొల్లు ప్రాంతాల్లో లేసు అల్లే ఆడవాళ్ళకి యజమాని ఎవరు?

ఈ ప్రశ్న కొత్తది కాదు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970 ల చివర్లో యిక్కడికి వచ్చి పనిచేసి 1982 లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం ప్రచురించింది. ప్రపంచంలో సామాజిక శాస్త్రం చదివే చోటల్లా మన వూరి పేరు చేరింది ఆ పుస్తకం వల్లే. ఆమె చూపించింది యిది: 19 వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని ఎగుమతి వ్యాపారంగా పెరిగింది. ఆడవాళ్ళు రోజుకి ఆరేడు గంటలు, అంతకన్నా ఎక్కువ అల్లారు. ఒకరు చేతిపని చేస్తారు, యింకొకరు అతుకుపని చేస్తారు, ఏజెంటు దారం యిచ్చి సరుకు తీసుకుపోతాడు. ఇంత పద్ధతిగా నడిచే పరిశ్రమలో పనిచేసే మనిషిని మాత్రం అందరూ 'గృహిణి' అన్నారు. తీరిక వేళల్లో వూసుపోక అల్లుతుందన్నారు. పని అనకపోతే కూలి రేటు గురించి మాట్లాడక్కర్లేదు. ఇంటి బయటికి పోకపోవడమే పరువు అనే కులాల్లో ఆ మాట యింకా బాగా చెల్లింది. పొలం కూలికి పోయే దళిత స్త్రీ పని కనపడుతుంది. ఆమెకీ కాగితం వుండదు.

2024 లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. లేసుకి గుర్తింపు కాగితం వచ్చింది, లేసు అల్లే మనిషికి యింకా రాలేదు.

అదే అరుగు మీద విన్న యింకొకామె సంగతి చెబుతాను. సారా కేసులో పట్టుకున్నారు. అమ్మినదెవరు, సరుకెవరిది అన్నది నేను తేల్చబోవడం లేదు. బెయిలు వచ్చింది గానీ యింటి పన్ను రసీదులున్న జామీనుదారులు దొరకలేదు. అలా నెలలు గడిచాయి. ఏజెంటు ఆమె వాటా దారం వేరేవాళ్ళకి యిచ్చేశాడు. తీసుకున్న అడ్వాన్సు అప్పుగా మారింది. పెద్దపిల్ల బడి మానేసి తమ్ముణ్ణి చూసుకుంటూ, అమ్మ బాకీ కింద లేసు అల్లింది. ఆమె తిరిగొచ్చాక "నీ ఉద్యోగం పోయింది" అని ఎవరూ అనలేదు. ఉద్యోగం వుందని ఎవరూ అనుకోలేదు గనక. పోయిందల్లా ఆమె ఒక్కదానికే తెలుసు.

జైల్లోనే దారం యిస్తే సరిపోదా అని అడిగేవాళ్ళున్నారు. జైళ్ళలో ఆడవాళ్ళకి కుట్లు, అల్లికలు నేర్పుతూనే వున్నారు. ముప్పై ఏళ్ళు లేసు అల్లిన మనిషికి అల్లిక 'శిక్షణ' యివ్వడంలోని వింత పక్కన పెడదాం. ఆమె పోగొట్టుకున్నది సూది పట్టే నేర్పు కాదు. పోగొట్టుకున్నది ఏజెంటు దగ్గర నమ్మకం, అతుకుపని చేసే జట్టులో తన చోటు, అల్లుతూనే ఒక కన్ను పొయ్యి మీదా ఒక కన్ను పిల్లల మీదా వేసే వీలు. ఆమె పని ఆ యింట్లో, ఆ వీధిలో వుంది. విడదీసి జైలుకి తెచ్చుకోలేదు.

విస్కాన్సిన్ నుంచి నేర్చుకోదగ్గ ఒక్క వాక్యం

హ్యూబర్ చట్టం గురించి చదువుతుంటే నన్ను ఆపేసిన చోటు ఒకటి వుంది. ఏయే పనులకి ఖైదీని బయటికి పంపవచ్చో ఆ చట్టంలో జాబితా వుంది. ఉద్యోగం వెతుక్కోవడం, ఉద్యోగం చేయడం, చదువు, వైద్యం. ఆ వరసలోనే స్వయం ఉపాధి అని రాసి, యింటిపని చేసుకోవడం, కుటుంబం అవసరాలు చూసుకోవడం కూడా అందులోకే వస్తాయని రాశారు. ఇంటి చాకిరీని పనిగా గుర్తించమని మనం ఎన్ని సభల్లో అడిగాం! ఒక జైలు చట్టం ఆ మాటని ఉద్యోగం పక్కనే పెట్టింది. ఇంట్లో పిల్లలున్న తల్లికి ఆ పిల్లల దగ్గరికి వెళ్ళడమే 'పనికి వెళ్ళడం' అవుతుంది.

ఆ చట్టంలో అన్నీ మంచివేనని చెప్పడం లేదు. ఖైదీ దగ్గర జైలు తిండికి డబ్బు వసూలు చేయడం మన కూలి రేట్లకి అన్యాయం. అమెరికాలోనే దక్షిణ రాష్ట్రాల్లో ఒకప్పుడు నల్లజాతి ఖైదీలని తోటలకీ గనులకీ అద్దెకిచ్చిన చరిత్ర వుంది. ఖైదీ పని అనగానే చౌక కూలి అనుకునే యజమానులు అన్ని దేశాల్లోనూ వున్నారు. దానికి మన దగ్గర కొంత కాపుదల వుంది. సరైన కూలి యివ్వకుండా ఖైదీలతో పని చేయించడం వెట్టిచాకిరీ కిందికి వస్తుందని మన హైకోర్టు 1988 లో చెప్పింది. ఖైదీలకి న్యాయమైన వేతనం యివ్వాలని 1998 లో సుప్రీంకోర్టు చెప్పింది. జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నిబంధనలు చెల్లవని 2024 అక్టోబరు 3 న సుకన్యా శాంత కేసులో కొట్టేసింది. పనికి విడుదల ఏ రూపంలో వచ్చినా ఈ మూడు తీర్పులూ దానికి పునాది కావాలి.

భారతీయ న్యాయ సంహితలో 2024 జూలై 1 నుంచి 'సమాజ సేవ' అనే కొత్త శిక్ష వచ్చింది. అయిదువేల రూపాయల లోపు మొదటిసారి దొంగతనం లాంటి కొన్ని చిన్న నేరాలకి జైలు బదులు యిది వేయవచ్చు. దీనికి కూలి వుండదని చట్టమే చెబుతోంది. కూలి లేని పని మన స్త్రీలకి శిక్షగా కొత్తదేమీ కాదు, పుట్టినప్పటినుంచీ వున్నదే. అయినా జైలు కన్నా యిది నయం. రోజు కూలి పోకుండా సాయంత్రాలో, సెలవు రోజో ఆ సేవ చేసే వీలు కోర్టులు యిస్తే యింకా నయం.

మన భయాలు

స్త్రీల సంఘాల్లో ఈ మాట ఎత్తితే వెంటనే వచ్చే ప్రశ్న నాకు తెలుసు. "భార్యని కొట్టినవాణ్ణీ, కట్నం కోసం వేధించినవాణ్ణీ పగలంతా వూళ్ళో తిరగనివ్వమంటారా?" ఈ ప్రశ్న అడిగేవాళ్ళు దెబ్బలు తిన్న ఆడవాళ్ళని ఆస్పత్రులకి మోసుకెళ్ళినవాళ్ళు. వాళ్ళ భయాన్ని తోసిపారేసే హక్కు ఎవరికీ లేదు.

నా సమాధానం యిది. స్త్రీల మీద హింస కేసుల్లో ఫిర్యాదు చేసిన స్త్రీని అడగకుండా ఎవరినీ బయటికి పంపకూడదు. ఆమె వద్దంటే వద్దు. కారణం రుజువు చేయమని ఆమెని నిలదీయకూడదు. కానీ మనోవర్తి బాకీ కేసు వేరు. అక్కడ ఆమెకి కావలసింది అతను గోడల మధ్య వుండటం కాదు, డబ్బు. ఆ డబ్బు అతని చేతికి వచ్చి, అతని దయ మీద ఆమెకి చేరకూడదు. యజమాని నుంచో, జైలు ఆఫీసు నుంచో నేరుగా ఆమె పేరు మీదున్న ఖాతాలో పడాలి.

రెండో భయం నాదే. విచారణ పూర్తికాని వాళ్ళ విషయంలో పనికి విడుదలని బెయిలుకి బదులుగా వాడతారేమోనని. 2022 చివర్లో దేశంలోని ఖైదీల్లో 4,34,302 మంది, అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు, యింకా నేరం రుజువు కానివాళ్ళు. ఆ సారా కేసు ఆమెకి కావలసింది పగటి విడుదల కాదు. జామీను పేరుతో కాగితాలు అడగకుండా సొంత పూచీ మీద వదిలిపెట్టడం. ఇంటికి పంపాల్సిన మనిషిని పగలు వదిలి రాత్రి జైల్లో పెట్టి, దాన్ని సంస్కరణ అంటే మనం ఒప్పుకోకూడదు. అలాగే 1958 నాటి ప్రొబేషన్ చట్టం వుంది. శిక్ష వేయకుండా మంచి నడవడిక మీద వదిలేసే అధికారం కోర్టులకి అది ఎప్పుడో యిచ్చింది. పనికి విడుదల వీటన్నిటి తరవాతే రావాలి. జైలు తప్పని చోట మాత్రమే.

ఏం అడగాలి?

స్త్రీ ఖైదీల మీద జస్టిస్ కృష్ణయ్యర్ కమిటీ 1987 లో నివేదిక యిచ్చింది. స్త్రీలకి వీలయినంత వరకూ జైలు కాని శిక్షలే వెయ్యాలని, వాళ్ళ పిల్లల బాధ్యతని లెక్కలోకి తీసుకోవాలని ఐక్యరాజ్య సమితి 2010 లో బ్యాంకాక్ నియమాలు చేసింది. 2023 లో కేంద్ర హోంశాఖ తయారుచేసిన నమూనా జైళ్ళ చట్టంలో ఓపెన్, సెమీ ఓపెన్ జైళ్ళ ప్రస్తావన వుంది. మహారాష్ట్రలో ఎరవాడలో 2010 లోనే ఆడవాళ్ళకి ఓపెన్ జైలు తెరిచారు. మాటలకి కొదవ లేదు. రూలు రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నదే ప్రశ్న. అక్కడ మనం పట్టుబట్టాల్సినవి యివి.

ఒకటి, 'ఉద్యోగం' అనే మాటకి అర్థం రాసేటప్పుడు యింట్లో చేసే ముక్క పని, సొంత పని, కూలి పని, యింటి చాకిరీ, పిల్లల పెంపకం అన్నీ అందులో పేరుపేరునా వుండాలి. యజమాని కాగితం అడగకూడదు. వార్డు మెంబరో, పొదుపు సంఘమో, పక్కన కూర్చుని అల్లే యిద్దరు ఆడవాళ్ళో చెప్పిన మాట చాలాలి.

రెండు, చిన్న శిక్ష పడ్డ స్త్రీని ఆమె వూరికి దూరంగా పెట్టకూడదు. దగ్గర్లో జైలు లేకపోతే ఆ కారణం మీదే జైలు కాని శిక్ష వెయ్యాలి. జైలు కట్టకపోవడం ప్రభుత్వం లోపం, దానికి ఆమె ఎందుకు నష్టపోవాలి?

మూడు, మనోవర్తి ఎగ్గొట్టి జైలుకి వెళ్ళినవాడికి పని వుంటే పనికి పంపాలి. కూలి నేరుగా భార్యాపిల్లలకి చేరాలి. బయటికి వచ్చేటప్పుడు 'బాకీ యింకా వుంది' అని తెలుగులో రాసిన కాగితం యిద్దరి చేతిలోనూ పెట్టాలి.

నాలుగు, చట్టప్రకారం కనీస వేతనానికి తగ్గకూడదు. అందులోంచి తిండి ఖర్చు కోసుకోకూడదు.

ఇవన్నీ ఒకేసారి వస్తాయని నేను అనుకోవడం లేదు. మూడోది అడగడానికి మాత్రం కొత్త జైలు కట్టక్కర్లేదు. నరసాపురం లాంటి ప్రతి తాలూకా కోర్టులో మనోవర్తి కేసుల కోసం తిరుగుతున్న ఆడవాళ్ళు వున్నారు. మన సంఘాలు వాళ్ళతో కూర్చుని, ఎంతమంది భర్తలు జైలుకి వెళ్ళారు, ఆ తరవాత ఎంత డబ్బు వచ్చిందని ఒక లెక్క తీయగలవు. ఆ లెక్క చేతిలో పెట్టుకుని అడిగితే ఎవరూ కాదనలేరు.

ఆ రోజు నేను బయల్దేరుతుంటే మొదటామె గుమ్మం దాకా వచ్చింది. "బాకీ తీరలేదన్నారు కదండీ, ఆ మాట ఏదైనా కాగితం మీద రాసివ్వండి" అంది. రాసిచ్చాను. తీర్పు పేరు, సంవత్సరం, ఒక్క వాక్యం. ఆమె దాన్ని మడిచి లేసు దారం పెట్టుకునే డబ్బాలో దాచుకుంది. అలాంటి కాగితం మన దగ్గర యింకా ఎంతమందికి బాకీ వుందో ఆలోచించాలి.